సముద్రం మీద దొర ఎవరు, దొంగ ఎవరు

(మచిలీపట్నంలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



నిర్వాహకులు నన్ను రేవుల చరిత్ర మీద మాట్లాడమన్నారు. రేవు అనగానే మనవాళ్ళు కలంకారీతో మొదలుపెట్టి కంపెనీ కోట దగ్గర ఆపుతారు. ఆ కథ ఈ ఊళ్ళో నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. అందుకని రేవుకు వచ్చిన ఓడల్ని వదిలిపెట్టి, దారిలో వాటిని దోచినవాళ్ళ సంగతి ఎత్తుకుంటున్నాను. ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు అభ్యంతరం చెప్పేవారు కాదనే అనుకుంటున్నాను. రాజుల పాఠం త్వరగా ముగించి, పన్నులు, సంతలు, రేవులు తీరుబడిగా చెప్పిన మనిషి ఆయన.

నేను చెప్పదలచుకున్నది చిన్న మాట. సముద్రం మీద దోపిడీ ఓడంత పాతది. కానీ దోచినవాణ్ణి దొంగ అనాలా, సేనాని అనాలా అన్నది అతను చేసిన పనిని బట్టి తేలలేదు. అతని చేతిలో ఎవరి కాగితం ఉందన్న దాన్ని బట్టి తేలింది. ఆ తర్వాత కథలు అల్లినవాళ్ళు దొంగకు రంగులు పూశారు. దోపిడీకి గురైనవాళ్ళు ఆ రంగుల కింద పడి కనబడకుండా పోయారు.

ముందు మన ఒడ్డు. ఇక్కడికి దక్షిణాన బాపట్ల జిల్లాలో మోటుపల్లి ఉంది. అక్కడి వీరభద్రస్వామి గుడిలో రాతి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన శాసనం ఉంది. అభయ శాసనం అని అందరం బళ్ళో చదువుకున్నదే. అభయం ఎవరికి? సముద్ర వర్తకులకి. ఎవరి నుంచి? ఈ రెండో ప్రశ్నను మనం క్లాసులో దాటేస్తాం. శాసనం మాత్రం దాచలేదు. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ, తుఫానులో చిక్కి, ఓడ పగిలి ఒడ్డున పడ్డ వర్తకుల సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసేసుకునేవారట. తాను నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. అంటే ఓడకు మొదటి గండం గాలివాన, రెండో గండం రాజుగారు.

ఈ మోటుపల్లి గురించే రాసిన మార్కో పోలో పడమటి తీరం గురించి రాసినవి చదివితే ఆ అభయం విలువ తెలుస్తుంది. మలబారు, గుజరాతు తీరాల నుంచి ఏటా వందకు పైగా దొంగ ఓడలు బయలుదేరేవట. పెళ్ళాం బిడ్డల్ని కూడా ఎక్కించుకుని వేసవంతా సముద్రం మీదే ఉండేవారట. ఇరవై, ముప్పై ఓడలు అయిదేసి మైళ్ళ ఎడంతో వరసగా నిలబడితే నూరు మైళ్ళ సముద్రం వాళ్ళ కాపలాలోకి వచ్చేది. తెరచాప కనపడగానే పొగతోనో మంటతోనో సంకేతం. సరుకు లాక్కున్నాక వర్తకుణ్ణి వదిలేసి, వెళ్ళి మళ్ళీ సంపాదించుకో, మళ్ళీ మాకే దొరుకుతావేమో అని సాగనంపేవారట. గుజరాతు దొంగలు మరీ ఘనులు. వర్తకులు ముత్యాలు మింగేసి ఉంటారన్న అనుమానంతో చింతపండు ఉప్పునీళ్ళలో కలిపి తాగించి, కడుపులో ఉన్నదంతా కక్కించి వెతికేవారట. చింతపండుకు ఈ ఉపయోగం కూడా ఉందని మన వంటిళ్ళకు తెలియదు.

అదే పుస్తకంలో ఏలి అనే మలబారు రాజ్యం సంగతి కూడా ఉంది. వేరే రేవుకు పోవలసిన ఓడ దారితప్పి అక్కడ లంగరు వేస్తే, దేవుడే నిన్ను మా దగ్గరికి పంపాడు కనుక నీ సరుకు మాది అని జప్తు చేసేవారు. పొగ పెట్టి ఓడను పట్టినవాడు దొంగ. దేవుడి పేరు చెప్పి పట్టినవాడు రాజు. మోటుపల్లి శాసనం ఈ రెండో రకాన్ని పేరు పెట్టి చెప్పింది. మనం దాన్ని ఔదార్యానికి గుర్తుగా పొగుడుతాం. నా మటుకు నాకు అది రాతి మీద చెక్కిన నేరాంగీకారంలా కూడా కనిపిస్తుంది.

తర్వాత పోర్చుగీసువాళ్ళు వచ్చారు. వాళ్ళు సముద్రానికే పత్రం పెట్టారు. దాని పేరు కార్తాజ్. అది కొనుక్కోని ఓడ కనబడితే పట్టుకోవచ్చు, ముంచవచ్చు. అంతకుముందు ఈ సముద్రం మీద ఏ రాజూ నీళ్ళకు అద్దె అడగలేదు. 1502లో వాస్కో డ గామా రెండోసారి వచ్చినప్పుడు, మక్కా నుంచి యాత్రికులతో తిరిగి వస్తున్న ఒక పెద్ద ఓడను మలబారు తీరం దగ్గర పట్టుకున్నాడు. సొమ్ము తీసుకున్నాక, ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్న ఆ ఓడకు నిప్పు పెట్టించాడు. ఏ పాఠ్యపుస్తకమూ గామాను ఓడదొంగ అనదు. రాజు పంపగా వచ్చాడు, జెండా ఉంది, అందుకని నావికా సేనాని. ఆ యాత్రికుల ఓడను గుర్తుంచుకోండి. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత అలాంటిదే మరో ఓడ దగ్గరికి వెళ్ళబోతున్నాం.

ఈలోగా మన తీరానికి తగిలే సంగతి ఒకటి. 1685 ప్రాంతంలో సియాం రాజు కొలువులో కుదురుకున్న కొందరు ఇంగ్లీషు నావికులు గోల్కొండ రాజ్యపు ఓడల మీద పడి దోచారు. మెర్గుయి రేవు అధికారి సామ్యూల్ వైట్ వాళ్ళను పంపినవాడు. అతనూ ఇంగ్లీషువాడే. పైకి సియాంకూ గోల్కొండకూ యుద్ధం, లోపల వైట్ గారి సొంత జేబు. సియాం రాజముద్ర ఉంది కనుక అది యుద్ధమైంది. వైట్ ఇంగ్లండు చేరాక తనకే నష్టం జరిగిందని ఈస్టిండియా కంపెనీ నుంచి పరిహారం కోరాడు. ఇలాంటి ధైర్యం ఫిరంగి పేల్చేవాడికి కూడా ఉండదు.

ఇక అసలు కథ. హెన్రీ ఎవరీ.

1694లో స్పెయిను రేవు లా కొరూనాలో ఛార్లెస్ ద సెకండ్ అనే ఇంగ్లీషు ఓడ లంగరు వేసుకుని పడి ఉంది. లండను షావుకార్లు డబ్బు పెట్టిన సాహసయాత్ర అది. కళాసీలకు నెలల తరబడి జీతాలు రాలేదు. ఇళ్ళ దగ్గర భార్యలు అర్జీలు పెట్టుకుంటే షావుకార్లు వినలేదు. మే నెలలో ఒక రాత్రి ఆ ఓడ మేటుగా పనిచేస్తున్న ఎవరీ తిరుగుబాటు చేసి ఓడను లేవదీసుకుపోయాడు. ఫ్యాన్సీ అని పేరు మార్చాడు. ఇంతవరకు మన సానుభూతి అతనిదే, ఉండాలి కూడా. జీతం ఎగ్గొట్టిన యజమానిది దొంగతనం కాకుండా, ఓడ ఎత్తుకుపోయిన కళాసీది మాత్రమే దొంగతనం ఎలా అయిందన్నది న్యాయమైన ప్రశ్న. అయితే దారిలో గినీ తీరం దగ్గర ఇంగ్లీషు జెండా చూపించి, వ్యాపారానికి వచ్చిన ఆఫ్రికా మనుషుల్ని పట్టుకుని సంకెళ్ళు వేసి బానిసలుగా ఎక్కించుకున్నవాడూ ఈ ఎవరీయే. కొమొరో దీవుల్లో ఒక ఉత్తరం వదిలి వెళ్ళాడు. తాను ఇంగ్లీషు ఓడనుగానీ డచ్చి ఓడనుగానీ తాకలేదనీ, తాకబోననీ దాని సారాంశం. మిగతా ప్రపంచపు ఓడల సంగతి అందులో లేదు. అర్థం చేసుకోవలసినవాళ్ళు అర్థం చేసుకున్నారు.

1695 వేసవిలో ఎర్రసముద్రం ముఖద్వారం దగ్గర మరో అయిదు దొంగ ఓడలు అతనితో కలిశాయి. ఎక్కువ భాగం అమెరికాలోని ఇంగ్లీషు వలస రేవుల నుంచి వచ్చినవి. మక్కా యాత్ర ముగించుకుని మోఖా నుంచి సూరతుకు వెళ్ళే మొగలు ఓడల కోసం మాటు వేశారు. ఆ ఓడల గుంపు రాత్రి చీకట్లో తప్పించుకుపోయింది. దొంగలు వెంటపడ్డారు. ముందు సూరతు షావుకారు అబ్దుల్ గఫూర్ ఓడ ఫతే ముహమ్మదీ దొరికింది. తర్వాత, సెప్టెంబరులో, సూరతు ఇంకెంతో దూరం లేదనగా, ఔరంగజేబు చక్రవర్తి సొంత ఓడ గంజ్-ఇ-సవాయి కనబడింది.

ఖాఫీ ఖాన్ అనే చరిత్రకారుడు దీని గురించి పారశీకంలో రాశాడు. ఆయన మాట ప్రకారం ఆ ఓడ మీద ఎనభై ఫిరంగులు, నాలుగు వందల తుపాకులు ఉన్నాయి. సూరతులో అంత పెద్ద ఓడ లేదు. యుద్ధం మొదలవగానే ఓడలోని ఒక ఫిరంగి తనంతట తానే పేలి మనుషుల్ని చంపింది. దొంగల గుండు తగిలి పెద్ద తెరచాప కొయ్య విరిగింది. కత్తియుద్ధంలో ఆ దొంగలు అంత గట్టివాళ్ళు కారనీ, ఎదురునిలిస్తే ఓడిపోయేవారనీ ఖాఫీ ఖాన్ కోపంగా అంటాడు. నౌకాధిపతి ఇబ్రహీం ఖాన్ నిలబడలేదు. కిందికి పరుగెత్తి, మోఖాలో తాను కొన్న బానిస పిల్లల తలలకు పాగాలు చుట్టి పోరాడమని పైకి తోశాడట. ఈ ఒక్క వాక్యంలో ఎంత ఉందో చూడండి. ఓడలోకి ఎక్కుతున్న దొంగకూ, కిందికి పరుగెత్తిన అధిపతికీ మధ్య నిలబడ్డది ఆ పిల్లలు.

తర్వాత కొన్ని రోజులు ఆ ఓడ దొంగల చేతిలో ఉంది. డబ్బు ఎక్కడుందో చెప్పమని ప్రయాణికుల్ని హింసించారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. కొందరు సముద్రంలో దూకారు, కొందరు కత్తులతో పొడుచుకున్నారు. పోయిన సొమ్ము 52 లక్షల రూపాయలని ఖాఫీ ఖాన్ లెక్క. రూపాయికి రెండున్నర షిల్లింగుల చొప్పున అది ఆరు లక్షల పౌండ్ల పైమాటే. కంపెనీ చెప్పిన లెక్క 3,25,000 పౌండ్లు. నష్టం తక్కువ చేసి చూపడంలో కంపెనీకి లాభం ఉంది, ఎక్కువ చేసి చూపడంలో మొగలు అధికారులకు లాభం ఉంది. నిజం ఈ రెంటి మధ్యా ఎక్కడో ఉంటుంది.

ఒట్టిపోయిన ఓడ సూరతు చేరగానే ఊరు ఇంగ్లీషువాళ్ళ మీద విరుచుకుపడింది. జనం నుంచి కాపాడటానికీ, శిక్షించడానికీ కలిపి నవాబు వాళ్ళను సంకెళ్ళు వేసి కోఠీలోనే బంధించాడు. కోఠీ అధిపతి సామ్యూల్ ఆన్‌స్లీ నెలల తరబడి అలాగే గడిపాడు. బొంబాయిని తుడిచిపెట్టాలన్న మాట దర్బారులో లేచింది. చివరికి కంపెనీ దిగివచ్చి, యాత్రికుల ఓడలకు తమ ఓడల్ని కాపలా పంపుతామని ఒప్పుకుంది. దోచినది ఇంగ్లీషువాళ్ళు, కాపలా కాసేదీ ఇంగ్లీషువాళ్ళే. చాలా చరిత్ర పుస్తకాలు ఈ మలుపు దగ్గర ఆగవు. సముద్రం మీద రక్షణ అనే పని మొగలుల చేతినుంచి జారి కంపెనీ చేతికి రావడం ఇక్కడ కూడా జరిగిందని నేను నమ్ముతున్నాను.

ఎవరీ బహామా దీవుల్లోని నసావు చేరి, బ్రిడ్జిమన్ అని మారుపేరు చెప్పుకుని, గవర్నరుకు బంగారం, ఏనుగు దంతాలు, తుపాకి మందు, చివరికి ఓడనే లంచంగా ఇచ్చి ఒడ్డెక్కాడు. అతన్ని పట్టిచ్చినవారికి ఇంగ్లండు ప్రభుత్వం 500 పౌండ్లు ప్రకటించింది, కంపెనీ మరికొంత కలిపింది. 1696లో ఐర్లండు చేరినట్టు తెలుసు. అక్కణ్ణుంచి మనిషి మాయం. అతని మనుషులు కొందరు దొరికారు. ఒకడు కోటులో బంగారు నాణేలు కుట్టుకుని, ఆ బరువు వల్లే పట్టుబడ్డాడు.

విచారణ లండనులో అక్టోబరులో జరిగింది. గంజ్-ఇ-సవాయి దోపిడీ నేరం మీద ముందు విచారించారు. సాక్ష్యం పుష్కలంగా ఉంది. జ్యూరీ నిర్దోషులని తీర్పు చెప్పింది! జడ్జీలు తల పట్టుకున్నారు. చక్రవర్తికి ఏమని జవాబు చెప్పాలి? మళ్ళీ పన్నెండు రోజులకు ప్రధానంగా ఛార్లెస్ ద సెకండ్ ఓడను ఎత్తుకుపోయిన నేరం మోపి విచారిస్తే అప్పుడు దోషులయ్యారు. నవంబరు 25న అయిదుగురిని థేమ్సు ఒడ్డున ఉరి తీశారు. హిందుస్థానం ఓడ మీద ఘోరాలకు ఒప్పని మనసు, లండను షావుకారు ఓడ అనేసరికి ఒప్పుకుంది. ఉరి ఎక్కినవాళ్ళలో జాన్ స్పార్క్స్ అనేవాడు, తాము చేసిన దారుణాలు అన్యమతస్థుల శరీరాల మీదనే అయినా అవి తనను వెంటాడుతున్నాయని చెప్పుకున్నట్టు నమోదైంది. పశ్చాత్తాపంలో కూడా ఆ 'అయినా' పోలేదు.

ఇక కథలు బయలుదేరాయి. ఎవరీ మొగలు రాకుమార్తెను పెళ్ళాడాడనీ, ఆమె అతన్ని ప్రేమించిందనీ, ఇద్దరూ మడగాస్కరులో రాజ్యం ఏలుతున్నారనీ 1709లో ఒక పుస్తకం వచ్చింది. కొన్నేళ్ళకే లండను రంగస్థలం మీద 'విజయవంతుడైన ఓడదొంగ' అనే అర్థం వచ్చే పేరుతో నాటకం ఆడారు. మడగాస్కరు దొంగల ప్రతినిధులమంటూ వచ్చినవాళ్ళతో యూరపు రాజాస్థానాల్లో బేరసారాలు కూడా సాగాయి. రాకుమార్తె పెళ్ళికి ఆధారం లేదు. ఓడలో జరిగినదానికి సాక్ష్యం ఉంది. అత్యాచారాన్ని ప్రేమకథగా మార్చడానికి లండనుకు పదిహేనేళ్ళు కూడా పట్టలేదు. 1724లో వచ్చిన ఓడదొంగల చరిత్ర పుస్తకం మరో ముగింపు ఇచ్చింది. వజ్రాలు అమ్మిపెడతామని తీసుకున్న బ్రిస్టల్ షావుకార్లు డబ్బివ్వకుండా ఎగ్గొట్టారనీ, శవపేటికకు కూడా డబ్బు లేకుండా అతను చచ్చిపోయాడనీ. ఇది నిజమో కాదో గానీ, లా కొరూనాలో జీతం ఎగ్గొట్టిన షావుకారు దగ్గరికే కథ తిరిగి చేరడం చూస్తే అది అల్లినవాడికి లోకం తెలుసనిపిస్తుంది. 2014లో అమెరికాలోని రోడ్ ఐలండులో ఒక తోటలో యెమెన్‌లో 1693లో ముద్రించిన వెండి నాణెం దొరికింది. ఎవరీ మనుషులు తెచ్చిందే అయి ఉంటుందని ఇప్పుడు పలువురి అంచనా.

మన పిల్లలకు తెలిసిన ఓడదొంగ మాత్రం భుజం మీద చిలక, ఒంటికాలు, నిధి పటం ఉన్నవాడు. ఆ బొమ్మలో సింహభాగం 1883లో పుస్తకంగా వచ్చిన స్టీవెన్సన్ ట్రెజర్ ఐలండ్‌ది. దొంగలు నిధులు పాతిపెట్టడం చాలా అరుదు, దొరికింది దొరికినట్టు రేవుల్లో తాగి తగలేసేవారు. పాతిపెట్టిన కొద్దిమందిలో ఒకడు కెప్టెన్ కిడ్. దొంగల్ని పట్టమని రాజముద్రతో 1696లో బయలుదేరి, 1698లో కేరళ తీరం దగ్గర అర్మీనియన్ వర్తకుల సరుకున్న క్వెడా మర్చంట్ ఓడను పట్టాడు. ఆ ఓడ దగ్గర ఫ్రెంచి పత్రాలున్నాయి, ఫ్రాన్సు శత్రుదేశం, కనుక చట్టబద్ధం అన్నాడు. విచారణలో ఆ పత్రాలు కోర్టు ముందుకు రాలేదు. 1701లో ఉరి తీసి శవాన్ని థేమ్సు ఒడ్డున ఇనప చట్రంలో వేలాడదీశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ పత్రాలు లండను దస్తావేజుల్లో బయటపడ్డాయి.

ఓడదొంగల నౌకల్లో ప్రజాస్వామ్యం ఉండేదని ఇటీవలి చరిత్రకారులు రాస్తున్నారు. అందులో నిజం ఉంది. నాయకుణ్ణి ఓటుతో ఎన్నుకునేవారు. ఎవరీ ఓడలో నాయకుడికి రెండు వాటాలు, మిగతావాళ్ళకు తలా ఒకటి. రాజుగారి నౌకాదళంలో కొరడాదెబ్బలు తిన్న కళాసీకి అది స్వర్గం. కరీబియన్ దొంగల మధ్య బతికిన ఎక్స్‌క్వెమెలిన్ 1678లో అచ్చయిన పుస్తకంలో గాయాలకు పరిహారం రేట్లు కూడా ఇచ్చాడు. కుడి చెయ్యి పోతే 600 వెండి నాణేలు. లేదా ఆరుగురు బానిసలు. ప్రజాస్వామ్యం గురించి రాసేవాళ్ళు ఈ రెండో వాక్యాన్ని కూడా పక్కనే అచ్చు వేయాలని నా కోరిక.

చివరిగా కాన్హోజీ ఆంగ్రే. బొంబాయి కంపెనీ కాగితాలన్నీ ఆయన్ను ఓడదొంగ అనే రాశాయి. మరాఠా రాజ్యం ఆయనకిచ్చిన హోదా సర్‌ఖేల్, అంటే నౌకాధిపతి. కొలాబా, విజయదుర్గం కోటల నుంచి కొంకణ తీరం ఏలాడు. తన దస్తక్ అనే అనుమతి పత్రం కొనని ఓడను పట్టుకున్నాడు. పోర్చుగీసువాళ్ళు కార్తాజ్‌తో చేసిన పని, కంపెనీ తన పత్రంతో చేస్తున్న పని అదే. 1712లో బొంబాయి గవర్నరు సొంత నౌకనే పట్టుకుని, అందులో ఉన్న ఒక ఇంగ్లీషు అధికారి భార్యను 30,000 రూపాయలు తీసుకుని వదిలాడు. ఇది గొప్ప పనని నేను అనను. విజయదుర్గం మీద, ఖాందేరి దీవి మీద ఇంగ్లీషువాళ్ళు చేసిన దాడులు విఫలమయ్యాయి. 1721లో పోర్చుగీసువాళ్ళతో కలిసి కొలాబా మీదికి వచ్చి అక్కడా భంగపడ్డారు. 1729లో ఆయన ఓటమి ఎరగకుండా పోయాడు. 1755లో ఆయన కొడుకు తులాజీని అణచడానికి పీష్వాయే కంపెనీతో చేతులు కలిపాడు. 1756లో ఇంగ్లీషు సేనానులు వాట్సన్, క్లైవ్ విజయదుర్గం మీదికి బయలుదేరే ముందే దొరకబోయే సొమ్ములో ఎవరి వాటా ఎంతో బొంబాయిలో కూర్చుని తేల్చుకున్నారు. పది లక్షల రూపాయల దాకా దొరికింది, పంచుకున్నారు. మరాఠాలకు అందులో పైసా రాలేదు. ఎవరీ మనుషులు పంచుకున్నదీ వాటాల ప్రకారమే. ఏడాది తిరక్కుండా క్లైవ్ బెంగాలులో ఉన్నాడు. స్వతంత్ర భారతం 1951లో బొంబాయిలోని తన నౌకాదళ స్థావరానికి ఐఎన్‌ఎస్ ఆంగ్రే అని పేరు పెట్టింది. ఆయన పోయిన రెండు శతాబ్దాల పైచిలుకు తర్వాత కాగితం చేతులు మారింది.

ఇక బందరు వైపు నుంచి ఒక విన్నపం. ఇప్పటిదాకా నేను చెప్పినదాంట్లో దొంగల పేర్లు బోలెడు వచ్చాయి. గంజ్-ఇ-సవాయిలో సముద్రంలో దూకిన ఒక్క స్త్రీ పేరు గానీ, పాగా చుట్టించుకున్న ఒక్క పిల్ల పేరు గానీ నేను చెప్పలేదు. మన తీరం నుంచి మెర్గుయికీ, ఆచేకూ, మోఖాకూ పోయిన ఓడల్లో పనిచేసిన తెలుగు సరంగుల, కళాసీల సంగతులు డచ్చి కంపెనీ దస్తావేజుల్లో హేగ్ నగరంలో, ఇంగ్లీషు కోఠీ పుస్తకాల్లో చెన్నైలో, లండనులో వెతకాలి. వాటిని చదవాలంటే డచ్చి రావాలి, పారశీకం రావాలి. ఏటా ఈ ఉపన్యాసానికి, శాలువాలకు ఖర్చుపెట్టే సొమ్ములో కొంత పక్కనపెట్టి, ఈ జిల్లా విద్యార్థి ఒకరికి ఆ రెండు భాషల్లో ఒకటి నేర్పించండి. మాస్టారి నిధి నిర్వాహకులు వచ్చే ఏడు ఉపన్యాసం ఆ విద్యార్థి చేత ఇప్పించలేకపోయినా, అయిదేళ్ళకు ఇప్పించగలరు. నా గౌరవ పారితోషికాన్ని దానికి మొదటి విరాళంగా స్వీకరించమని కోరుతున్నాను.